చేపకు అడగని ప్రశ్న

బల్మూరుకు సముద్రం లేదు. నల్లమల అంచున, అచ్చంపేట పక్కన ఉన్న మెట్ట ప్రాంతం మాది. మాకు చేపంటే చెరువు చేప, కాకుంటే సోమశిల వైపు నుంచి వచ్చే కృష్ణ చేప. మృగశిర కార్తె రోజు ఊరంతా చేపలు వండుకుంటుంది. మేమూ వండుకుంటాం. ఆ కార్తె ఎవరి పంచాంగంలోదని మా అమ్మీ ఎన్నడూ అడగలేదు. చింతపులుసు పోసి, మెంతిపొడి చల్లి మఛ్లీ కా సాలన్ చేసి దస్తర్‌ఖాన్ మీద పెట్టేది.

ముస్లిమేతర మిత్రులకు ఒక సంగతి తెలియకపోవచ్చు. మాలో మేకనైనా కోడినైనా అల్లా పేరు తలచి జబహ్ చేయాలి. చేపకు ఆ పని లేదు. నీళ్లలోంచి తీస్తే చాలు, హలాల్. అందుకే ముదిరాజుల ఇంట్లో, బెస్తల ఇంట్లో వాళ్లు మాకు సంకోచం లేకుండా పెట్టే కూర, మేము సంకోచం లేకుండా తినే కూర చేపకూరే. ఎవరు కోశారని మేము అడగం. మీరెవరని ఆ కూర మమ్మల్ని అడగదు.

ఈ మాటకు అసలు అర్థం మాకు దుబాయ్‌లో తెలిసింది. పొట్టకూటికి అక్కడికి వెళ్లిన మా ఖాలా కొడుకును చూడటానికి పోయాం. సెలవు రోజు అతను మమ్మల్ని దేరా వైపున్న చేపల మార్కెట్‌కు తీసుకుపోయాడు. పాత మార్కెట్ మూతపడి, 2017లో సముద్రం ఒడ్డునే కొత్తది వచ్చింది. మంచు పరచిన బల్లల మీద హమూర్, షేరీ, సాఫీ, మన వంజరం. చూపించిన చేపను తూకం వేస్తారు. శుభ్రం చేసేవాళ్లు వేరు. మసాలా పూసి కాల్చి ఇచ్చే హోటళ్లు పక్కనే ఉన్నాయి. పొద్దున సముద్రంలో ఉన్న హమూర్ మధ్యాహ్నానికి మా పళ్లెంలోకి వచ్చింది. తెల్లటి కండ, వేలితో తాకితే రేకులు రేకులుగా విడిపోతోంది. మేము కడుపారా తిన్నాం. ఆ రుచిని దాచిపెట్టి నీతులు చెప్పడం మా ఉద్దేశం కాదు.

చుట్టూ అరబ్బులు, మలయాళీలు, పాకిస్తానీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు. పక్క బల్ల దగ్గర ఒక అరబ్బు కుటుంబం పీతలు విరుచుకు తింటోంది. మా ఇంట్లో పీత గడప తొక్కదు. హనఫీ పద్ధతిలో నీటి జీవుల్లో చేప ఒక్కటే తినదగింది. రొయ్య చేపేనా కాదా అని ఉలేమాల మధ్య ఇప్పటికీ వాదన ఉంది. మాలికీలకు, షాఫయీలకు ఆ పట్టింపు లేదు. హైదరాబాద్ బార్కస్‌లోని షాఫయీలకూ లేదు. మరి ఏది ముసల్మాను తిండి? మా పళ్లెం చూసి మమ్మల్ని ఒక్క ముద్దగా కలిపి చూసేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఆ పూట మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. హైదరాబాద్‌లో అద్దె ఇంటికి తిరిగినప్పుడు మా జీతం కన్నా ముందు మా పేరు అడిగారు, పేరు విన్నాక ఏం తింటారని అడిగారు. 2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక ఇంట్లో పెద్దవాళ్లు తాతల నాటి కాగితాలు వెతకడం మొదలుపెట్టారు. దుబాయ్‌లో మాకు అంత రుచిగా తోచింది చేపా, ఎవరూ అడగకపోవడమా? రెండోదే ఎక్కువని అనుకుంటున్నాం.

అయితే చేతులు కడుక్కునేటప్పుడు తమ్ముడి గదిలో ఉండే మనిషి ఒక మాట అన్నాడు. ఇన్నేళ్లలో తమ్ముడు హమూర్ ముట్టుకోవడం ఇదే మొదటిసారట. క్యాంపులో అన్నం, పప్పు, గడ్డకట్టిన కోడిమాంసం. చేప తినాలనిపిస్తే చవక కవళ్లు. మేము వెనక్కి వచ్చేసరికి బిల్లు అతను కట్టేశాడు. "మీరు తినండి భాయ్, మళ్లీ ఎప్పుడొస్తరో" అని ముక్కలన్నీ మా పళ్లాల్లోకి ఎందుకు తోశాడో అప్పుడు అర్థమైంది.

ఆ చేపను 'స్థానికం' అంటారు. పడవల మీద వల లాగేవాళ్లలో చాలామంది ఇండియా నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లు. చేప స్థానికం. పట్టినవాడు పరాయి. ముప్పై ఏళ్లు చెమటోడ్చినా కూలీకి అక్కడి పౌరసత్వం దొరకడం దాదాపు లేదు. అక్కడ ఉన్నదీ ముసల్మాన్ల రాజ్యమే. మమ్మల్ని అడగలేదంటే, మేము నాలుగు రోజుల చుట్టాలం, డబ్బిచ్చి తినేవాళ్లం కనుక.

మా చెరువు సంగతి చూడండి. బంగారుతీగ పుట్టుకతో మన చేప కాదు, బయటి దేశం నుంచి తెచ్చింది. తిలాపియా ఆఫ్రికాది, 1952లో ఈ దేశానికి వచ్చింది. ఇవాళ రెండూ 'మన చేపలే'. ఎప్పుడొచ్చావని వాటిని ఎవరూ అడగరు. తరాలుగా ఈ మట్టిలోనే పుట్టి, ఇందులోనే దఫనయ్యే మమ్మల్ని మాత్రం అడుగుతారు. ప్రధాన స్రవంతిలో కలవమంటారు. చేపపిల్లకు దొరికిన స్రవంతి మాకెందుకు దొరకదు?

ఇది ఒక్క మెజారిటీని నిలదీసే మాట కాదు. శ్రీశైలం నీటిలో వేటకు కోస్తా నుంచి వచ్చి, ఒడ్డున గుడిసెలు వేసుకున్న జాలర్లను మేమూ 'వలసోళ్లు' అన్నాం. వాళ్లు పట్టిన చేప తింటూనే అన్నాం. దూదేకులవాళ్లను 'మీరు అసలు ముసల్మాన్లేనా' అని అడిగిన నోళ్లూ మావే.

దూరదేశంలో తాజా చేప తినడం తప్పు కాదు. సంతోషం హరాం కాదు. తినేవాణ్ణి నువ్వెవరివని అడగడం అవమానం. పళ్లెంలోకి వచ్చింది ఎవరి కష్టమని మనల్ని మనం అడగకపోవడం కూడా తప్పే. ఇన్నాళ్లూ మేము మొదటి దాని గురించే మాట్లాడాం. రెండోది మా తమ్ముడు బిల్లు కట్టాకగాని మాకు తట్టలేదు.

తమ్ముడు ఈసారి సెలవుకు వస్తే మృగశిర రోజుల్లో రమ్మన్నాం. బల్మూరులో చెరువు చేప పులుసు పెడతాం. ముందు అతని పళ్లెంలో వడ్డిస్తాం.