గడియ ఎటువైపు?

ఒకప్పుడు ఒంటిమిట్టలో ఒక రైతు ఉండేవాడు. చెరువు కింద ఆయనకు సెంటు భూమి లేదు. ఉన్నదంతా గుట్ట వారన మెట్టచేనే. వాన పడితే తిండి, పడకపోతే పస్తు. ఆయన ఇంట్లో తాతల నాటి తాటాకుల కట్ట ఒకటి ఉండేది. ఏ కార్తెలో ఏ గాలి వీస్తే ఏ విత్తనం వెయ్యాలో చెప్పే వానల పుస్తకం అది. అట్లాంటి కట్టలు ఊళ్లో చాలా ఇళ్లలో ఉండేవి. కొన్ని అటకెక్కాయి, కొన్నిటికి చెదలు పట్టాయి.

ఒక ఏడాది రాములవారి తిరునాళకు ఒక సావుకారు వచ్చాడు.

"ఈ కట్టలకు ఏటేటా పసుపు పూసి ఎండబెట్టే పని మీకెందుకప్పా? మీ గోడలో గూడు కట్టిస్తా. కావలసిన పుస్తకం పేరు చెప్పండి, తెల్లారేసరికి గూట్లో ఉంటాది. చెదలు పడితే మార్చేది నేనే. చూపు ఆననోళ్లకు పెద్దక్షరాలతో రాయించి ఇచ్చేది నేనే" అన్నాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. నల్లబండలతో ఇంటింటికీ గూడు కట్టించాడు. గూటికి రెండు తలుపులు. ఒకటి ఇంట్లోకి, ఇంకొకటి వెనక సందులోకి. సందు తలుపుకు గడియ బయటివైపే ఉంది. పుస్తకానికి ఇంత అని డబ్బు తీసుకుని, ఒక పత్రం మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. ఆ పత్రం చాంతాడంత ఉంది. ఎవరూ చదవలేదు.

పాత కట్టలను జనం పెన్నలో కలిపి వచ్చారు. ఒక అవ్వ మాత్రం తన కట్ట వదల్లేదు. "సగం చెదలు తిన్నాయే అవ్వా, ఇంకెందుకు?" అని నవ్వితే, "మిగిలిన సగం నాదే కదరా" అంది.

రైతు కొత్త వానల పుస్తకం కొన్నాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చేలో చూసినదాన్ని సాయంత్రానికి ఆకు అంచున గంటంతో గీసి పెట్టుకునేవాడు. ఒకచోట "మా మిట్టకు ఇది పనికిరాదు" అని, ఇంకొకచోట "దీనికి వారం ముందే కొర్ర ఎయ్యాల" అని, మరొకచోట "మా నాయన చెప్పిందీ ఇదే" అని. ఏళ్లు గడిచేకొద్దీ అంచులు నిండాయి. పుస్తకం పండితుడిదైనా, అది ఆ చేనికి పనికొచ్చేది ఆ అంచుల వల్లే.

ఒక మృగశిర కార్తెలో తెల్లవారి లేచి చూస్తే గూట్లో పుస్తకం లేదు. ఆయన ఇచ్చిన డబ్బు పైసా తగ్గకుండా ఉంది. పక్కనే దారంతో కట్టిన సన్నటి తాటాకు పీలికలు. అంచులు కత్తిరించి పెట్టి పోయారు. రైతు ఒక పీలిక తీసి చదివాడు. "మా మిట్టకు ఇది పనికిరాదు." ఏది పనికిరాదు? ఇంకొకటి తీశాడు. "దీనికి వారం ముందే." దేనికి?

గుడి ముందు మండపంలో పంచాయతీ కూర్చుంది. సావుకారు దాపరికం లేకుండా చెప్పాడు. "ఆ పుస్తకం రాసిన పండితుడి మనవలు నా దగ్గరికొచ్చినారు. నాకు దాన్ని అమ్మినవాడికి అమ్మే హక్కే లేదంట. అందుకే అన్ని గూళ్లలోంచీ తీయించినా. డబ్బు తిరిగిచ్చినా. ఈయన రాత ఈయనకే ఇచ్చినా. పత్రంలో చూడండి, 'చదువుకొనుటకు మాత్రమే' అని ఉంది."

పెద్దలు తలలూపారు. మనవల మాటా న్యాయమే, సావుకారు మాటా న్యాయమే. అప్పుడు అవ్వ లేచింది.

"గూడు ఎవరి గోడలో ఉంది నాయనా?"

"రైతు గోడలో."

"పుస్తకానికి డబ్బిచ్చింది ఎవరు?"

"రైతే."

"గడియ ఎటువైపు ఉంది?"

సావుకారు జవాబు చెప్పలేదు.

"ఆకుకు వెల కట్టి తెచ్చినావు. అంచుకు ఎట్ల కడతావు? నువ్వు కత్తిరించింది తాటాకు కాదు, ఆయన పదేళ్ల సేద్యం."

మనవలే దిగివచ్చారు. ఒక పగలంతా పుస్తకాన్ని మండపంలో పెడతామన్నారు. రైతు ఒక్కొక్క పీలికను దాని చోట ఆనించి, పక్కనున్న వాక్యంతో సహా తన తాటాకుల మీద ఎత్తి రాసుకున్నాడు. ఆ వారమే సందు తలుపుకు లోపలివైపు కూడా ఒక గడియ బిగించుకున్నాడు. ఆ తర్వాతా సావుకారు దగ్గర పుస్తకాలు కొన్నాడు. గూట్లో ఏదైనా పెట్టాలన్నా తియ్యాలన్నా సావుకారు మనుషులు ముందు తలుపు తట్టి అడగాల్సిందే.

నీతి: డబ్బిచ్చినంత మాత్రాన పుస్తకం మనది కాదు, గడియ ఎవరి చేతిలో ఉంటే వారిది.

ఇలాంటిది నిజంగానే జరిగింది. 2009 జూలైలో అమెరికాలో అమెజాన్ సంస్థ, తాను అమ్మిన జార్జ్ ఆర్వెల్ నవలలు 'నైన్టీన్ ఎయిటీఫోర్', 'యానిమల్ ఫామ్' ప్రతులను పాఠకుల కిండిల్ అనే ఈ-పుస్తక పరికరాల్లోంచి వాళ్లకు చెప్పకుండా తీసేసింది. వాటిని అమ్మకానికి పెట్టినవారికి అక్కడ హక్కులు లేవన్నది కారణం. డబ్బు తిరిగిచ్చింది. ఒక హైస్కూలు విద్యార్థి బడి పని కోసం రాసుకున్న నోట్స్ మిగిలాయి గానీ, అవి దేని గురించో చెప్పే పుటలు పోయాయి. దావా పడింది, 1,50,000 డాలర్లతో రాజీ కుదిరింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు కొన్న పుస్తకాలన్నీ పోయాయి. పుస్తకాల వెల తిరిగిచ్చి, నోట్స్ రాసుకున్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చారు. అంచుకు కట్టిన వెల అదీ!

మన నేల మీద ఇంతకంటే పాత కథ ఉంది. పోతన భాగవతాన్ని రాజుకు కాక రాముడికి అంకితమిచ్చాడనీ, కోపించిన రాజు దాన్ని పాతిపెట్టించాడనీ, చెదలు తినగా పోయిన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారనీ చెబుతారు. పోతన మావాడంటే మావాడని ఒంటిమిట్టకూ ఓరుగల్లు దగ్గరి బమ్మెరకూ వాదం తెగలేదు. పుస్తకాన్ని మట్టి చెయ్యాలంటే ఆ కథలో రాజుకు మనుషులు కావాలి, గొయ్యి కావాలి. ఇప్పుడు ఒప్పందంలో ఒక వాక్యం చాలు.

తాటాకుల కాలంలో పుస్తకాలకు కాపు ఇంకొకటి ఉండేది. 1820లలో కడపలో బంగళా కొని పండితులను కూర్చోబెట్టిన సి.పి. బ్రౌన్, ఒకే కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించగలిగాడు. ఒకరి ఇంట పోయిన ఆకు మరొకరి ఇంట దొరికేది. ఆ ఇళ్లన్నిటికీ కలిపి ఒకే గడియ లేదు కాబట్టే అది సాధ్యమైంది.

ఈ-పుస్తకం చెడ్డదని కాదు. చూపు మందగించినవారికి అక్షరం పెద్దది చేసి చూపుతుంది, అలమారా నిండే పుస్తకాలను అరచేతిలో పెడుతుంది. రచయిత హక్కునూ కాపాడాల్సిందే. కాకపోతే అమ్మేవాడు అమ్ముతున్నది పుస్తకమా, చదువుకునే అనుమతా అన్నది పైకి చెప్పాలి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చట్టం అదే అడుగుతోంది. ఆ ఏడాది ఫిబ్రవరి 26 నుంచి అమెజాన్, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించి కేబుల్‌తో కిండిల్‌లోకి ఎక్కించుకునే వీలు కూడా తీసేసింది. చట్టం పత్రాన్ని పెద్దక్షరాలతో రాయిస్తుంది. లోపలి గడియ మాత్రం మనమే బిగించుకోవాలి: తాళం లేని ఫైలు ఇచ్చేచోట ఉంటే అక్కడే కొనాలి; గీసుకున్న వాక్యాన్నీ దాని పక్క రాసుకున్న మాటనూ కలిపి ఎప్పటికప్పుడు సొంత కాగితం మీదికో, సొంత కంప్యూటర్‌లోకో ఎత్తి పెట్టుకోవాలి.