అలసట ఇచ్చిన తీర్పు

రాత్రి పదకొండు దాటాక హైటెక్ సిటీలో ఎవరైనా ఒక కళాకృతి గురించి "బాగుంది" అంటే ఆ మాటని ఎంతవరకు నమ్మాలి? కొంతకాలంగా నన్ను వదలని అనుమానం ఇది. ఇక్కడ చాలామందికి పని సాయంత్రంతో ముగియదు. అమెరికాలో తెల్లవారేసరికి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో కాల్స్ మొదలవుతాయి. అవి అయ్యాకే టీవీ వెలుగుతుంది, పుస్తకం తెరుచుకుంటుంది. పాట వినాలంటే శనాదివారాల దాకా ఆగాలి. ఈ మధ్య నాకు గాఢంగా నచ్చినవి మూడున్నాయి: ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో వచ్చిన '90స్' సిరీస్, సత్యం శంకరమంచి 'అమరావతి కథలు', తెర లేకుండా ఎదురుగా కూర్చుని వినే హిందుస్తానీ గాత్రం. వాటిని మెచ్చుకోబోయిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడ్డు వస్తోంది. ఈ నచ్చడం వాటి గుణమా, వాటి దగ్గరికి వెళ్ళిన మనిషి అలసటా? ఆకలి రుచెరగదంటారు. పనితో నలిగిన మనసు కూడా అంతేనా, ఏది ముందు పెడితే దాన్నే అమృతమంటుందా?

మన రసశాస్త్రం మొదటి చూపుకి అలసినవాడి పక్షాన నిలబడదు. సహృదయుడి మనసు తుడిచిన అద్దంలా ఉండాలంటుంది. అభినవగుప్తుడు రసానుభవానికి అడ్డుపడే విఘ్నాలు ఏడింటిని లెక్కపెట్టాడు. తన సొంత సుఖదుఃఖాల్లో కూరుకుపోయి ఉండటం వాటిలో ఒకటి. రేపటి రిలీజు, ఎల్లుండి అప్రైజలు, ఇంటి లోను, వీసా తేదీ బుర్రలో తిరుగుతుండగా నాటకం చూసేవాడు ఈ లెక్కన రసికుల వరసలో కూర్చోలేడు. రసికతను పరిశుద్ధులకే దక్కే అర్హతగా మాట్లాడేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. అదే అభినవగుప్తుడు ఆ తర్వాత చెప్పింది వాళ్ళు పట్టించుకోరు. ఆ విఘ్నాన్ని తొలగించడానికే రంగస్థలం మీద గానం, వాద్యం, అలంకరించిన మండపం ఉన్నాయనీ, వాటి బలంతో సహృదయుడు కానివాడు కూడా సహృదయుడవుతాడనీ ఆయన వివరించాడు. అంటే శుభ్రమైన మనసుతో రావడం ప్రేక్షకుడి బాధ్యత మాత్రమే కాదు, వచ్చిన మనసుని శుభ్రం చేయడం కళ బాధ్యత కూడా. ఇక భరతుడైతే నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే దుఃఖంతో, శ్రమతో, శోకంతో ఉన్నవాళ్ళకు విశ్రాంతినివ్వడాన్ని నాట్యప్రయోజనాల్లో చేర్చాడు. శ్రమ అక్కడ అనర్హత కాదు, నాట్యం పుట్టడానికి ఒక కారణం. అభినవగుప్తుడు రసానుభవపు శిఖరాన్ని వర్ణించడానికి వాడిన మాట కూడా విశ్రాంతే. "అది కేవలం రిలాక్సేషన్" అని ఒక సిరీస్‌ని తీసిపారేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

శాస్త్రం కన్నా గట్టి సాక్ష్యం బుర్రకథ ఇస్తుంది. 1940లలో ప్రజానాట్యమండలి తరఫున షేక్ నాజర్ దళం ఊరూరా కథ చెప్పినప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది పొద్దంతా పొలంలో వంగి పనిచేసి వచ్చినవాళ్ళు. తీరిక దొరికిన రసికులు కారు. రాత్రి పొద్దుపోయాక మొదలయ్యే కథ, కింద నేల, పక్కన నిద్రపోతున్న పిల్లలు. ఆ రూపం ఎలా కట్టబడిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కథకుడు నడుపుతుంటే అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం పట్టుకుంటారు, ఒకరు రాజకీయం పట్టుకుంటారు. కథ బరువెక్కినప్పుడు నవ్విస్తారు, అర్థం కానిచోట వాళ్ళే ప్రశ్న అడిగి కథకుడి చేత విప్పి చెప్పిస్తారు, పాదాన్ని తిరిగి అందుకుని పాడతారు. ఒక్క నిమిషం కునుకు పట్టినవాడికి మళ్ళీ కథలోకి రావడానికి మూడు దారులు తెరిచి ఉంచడమే అదంతా. అలసిన శ్రోత కోసం, అలసటను ముందే లెక్కలోకి తీసుకుని కట్టిన నిర్మాణం అది. ఆ నిర్మాణం చిన్నది కాదు, ఆ శ్రోతల స్పందనా చిన్నది కాదు. ప్రభుత్వం బుర్రకథల మీద నిషేధం పెట్టిందంటే ఆ రాత్రుళ్ళు జరిగింది కాలక్షేపం కాదని ప్రభుత్వానికి కూడా తెలుసన్నమాట.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది తేలిగ్గా తోసేయదగింది కాదు. పొలం నుంచి వచ్చినవాడి నడుము అలసింది గానీ ధ్యాస అలసిపోలేదు. పగలంతా వాడుకోని మనసు కథ కోసం ఆకలిగా ఉంది. సైబరాబాద్ ఉద్యోగి సంగతి దీనికి తలకిందులు. ఇక్కడ ఒళ్ళు కుర్చీలోనే ఉంటుంది, జీతానికి ఇచ్చేది ధ్యాసనే. కోడ్‌లో ఒక తప్పు కోసం వెతకడం, నాలుగు చాట్ విండోల మధ్య ఒక ఆలోచనను చెదరకుండా పట్టుకోవడం, వినపడీ వినపడని యాసలో చెప్పిన మాటని ఒడిసిపట్టడం, అన్నీ ధ్యాస పనులే. రాగం వినడానికి, నవల చదవడానికి కావలసిందీ అదే. పగలు అమ్మేసిన సరుకునే రాత్రి కళ కూడా అడుగుతోంది. ఈ తేడా ఒప్పుకున్నాక బుర్రకథ సాక్ష్యం సగం చెల్లదు. ఆ రైతుకూలీ మెచ్చుకోలుని నా మెచ్చుకోలుకి హామీగా పెట్టలేను.

అందుకే '90స్' నాకెందుకు నచ్చిందో కాస్త కఠినంగా అడగాల్సి వచ్చింది. ఆదిత్య హాసన్ తీసిన ఆరు భాగాల కథ. శివాజీ వేసిన లెక్కల మాస్టారి ఇల్లు, ముగ్గురు పిల్లలు, తూకం వేసి పెట్టే ఖర్చు, మార్కుల భయం, ప్రతి పొద్దునా ఎదురయ్యే ఉప్మా. ఆ ఇళ్ళలో పెరిగిన తరమే ఇవాళ రాయదుర్గం మెట్రో స్టేషన్లో దిగి ఆఫీసులకు నడుస్తోంది. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి బడిలో ఉన్న పిల్లలు వీళ్ళు. తెర మీద వాళ్ళ నాన్నే కనపడ్డాడు. గుర్తుపట్టడానికి శ్రమ అక్కర్లేదు. కొత్త లోకాన్ని పరిచయం చేసుకునే ఓపిక లేనివాడికి తనకి తెలిసిన లోకాన్నే ఇస్తే హాయిగా ఉంటుంది. అయితే నాకు నచ్చింది గుర్తుపట్టడమేనా, సిరీసా? చాలాసేపు గుర్తుపట్టడమే అనుకున్నాను. కానీ ఆ వివరణ ఒక్కచోట కుదరదు. పాత సామాన్లు చూపించి గతాన్ని అమ్మే ప్రకటనలు, రీళ్ళు లెక్కలేనన్ని ఉన్నాయి. అవీ గుర్తుపట్టిస్తాయి, మరుక్షణం జారిపోతాయి. ఈ సిరీస్ ఆ తండ్రి పిసినారితనాన్ని ముద్దు చేయదు, శిక్షించదు. ఆ ఇంట్లో ప్రేమ ఎందుకు మాటల్లోకి రాలేదో చూపిస్తుంది. పిల్లాడి కోపం న్యాయమే, తండ్రి భయం కూడా న్యాయమే అన్న చోటికి తీసుకొచ్చి వదిలేస్తుంది. అంత సున్నితమైన విషయం అలసిన కంటికి కూడా అందిందంటే అలసట మరీ గుడ్డిది కాదు. తెలిసిన గుమ్మంలోంచి లోపలికి వెళ్ళింది, నిజమే. వెళ్ళాక చూడాల్సింది చూసింది.

'అమరావతి కథలు' విషయంలోనూ ఇదే జరుగుతుంది, మరో దారిలో. నూరు కథలు, ఒక్కొక్కటి నాలుగైదు పేజీలకు మించదు. 1975 నుంచి 77 దాకా ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చాయి, 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాయి. శ్యామ్ బెనెగల్ దూరదర్శన్‌కి హిందీలో సీరియల్‌గా తీశాడు. వారపత్రిక పాఠకుడు కూడా బస్సు దిగి ఇంటికొచ్చినవాడే, వంటిల్లు సర్దుకుని కూర్చున్నావిడే. ఆ కాస్త వెసులుబాటులో పట్టేలా రాయడం రాజీ కాలేదు, ఆ కథల శిల్పానికి కారణమయింది. శంకరమంచి వాక్యం పొట్టిది, పరిచయాలు చేస్తూ కూర్చోదు, నేరుగా కృష్ణ ఒడ్డున దించేస్తుంది. 'వరద' కథలో నీళ్ళు ఊరిని ముంచేశాక మడీ మైలా ఆకలి ముందు కరిగిపోయే తీరుకి నిద్ర కళ్ళతో చదివినా గొంతు పట్టేస్తుంది. చిన్నదాన్ని మెచ్చుకోవడం ఓపిక లేనితనమని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆ నాలుగు పేజీలు రాయడానికి పట్టిన ఓపిక పుస్తకంలోనే ఉంది.

ఇక ఎదురుగా వినే సంగీతం. ఇది మిగతా రెండింటికన్నా మేలైన అనుభవమనీ, అలసటకి అసలైన మందనీ ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. ఆ నమ్మకం అంతగా నిలవదు. గచ్చిబౌలి స్టేడియంలో 2023 ఫిబ్రవరిలో ఇళయరాజా, 2024 అక్టోబరులో దేవిశ్రీ ప్రసాద్ కచేరీలు జరిగాయి. అలాంటిచోట వేల గొంతులు అందుకునేది అప్పటికే నోటికొచ్చిన పాటనే. ఆ ఆనందం తక్కువదని అనను, కానీ అది కూడా గుర్తుపట్టే ఆనందమే. ఎదురుగా వినడం ఒక్కటే తేడా తెచ్చేస్తుందనలేం. తేడా మరోచోట ఉంది. హిందుస్తానీ గాయకుడు పండిత్ జస్‌రాజ్ తన తండ్రి మోతీరామ్, అన్న మణిరామ్ పేర్ల మీద 1972 నుంచి ఏటా హైదరాబాదులో నడిపిన సంగీత సమారోహాలను చూడండి. మోతీరామ్ 1934 నవంబరులో, నిజాం ఆస్థానంలో గాయకుడిగా నియమితుడు కావలసిన రోజునే ఈ ఊళ్ళో కన్నుమూశారు. జస్‌రాజ్‌కి అప్పటికి నాలుగేళ్ళు. ఎంత పేరు వచ్చినా ఆయన ఏటా తండ్రి సమాధి ఉన్న ఊరికి వచ్చి పాడేవారు. ఆ సమారోహాలు మాదాపూర్‌లోని సాంస్కృతిక శిక్షణ కేంద్రం సీసీఆర్‌టీ ఆవరణలో కూడా, అంటే ఈ అద్దాల భవనాల మధ్యనే జరిగాయి. అలాంటి కచేరీలో విలంబిత ఏకతాళం మొదలైతే పన్నెండు మాత్రల ఆవర్తనం ఒక్కటే నిమిషం దాకా పట్టవచ్చు. గుర్తుపట్టడానికి అక్కడ ఏమీ ఉండదు. మొదటి పావుగంట ఏమీ జరగనట్టే ఉంటుంది. బుర్ర ఆఫీసులోకి వెళ్ళి వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. ముందుకి జరపడానికి మీట లేదు, లేచిపోవడానికి మొహమాటం. అలా కూర్చోగా కూర్చోగా ఒకచోట గాంధారం మీద గాయకుడు నిలబడిన తీరులో రాగం మొత్తం తెరుచుకుంటుంది. ఆ తెరుచుకోవడం ముందరి విసుగులోంచే వస్తుంది, విసుగుని కత్తిరించి ఆ క్షణాన్ని మాత్రం వినిపిస్తే అక్కడ ఏమీ ఉండదు.

నా అనుమానం దిశ మారింది ఇక్కడే. అలసిన మనసు ఏది పడితే దాన్ని మెచ్చుకుంటుందేమో అని ఇంతసేపూ దాన్ని బోనులో నిలబెట్టాను. మెచ్చుకోవడంలో అది ఎక్కడా తప్పు చేసి దొరకలేదు. '90స్'లో తండ్రి భయాన్ని చూసింది, 'వరద'లో ఆకలిని చూసింది, మంచి ఆలాపనలో గాంధారాన్ని పట్టుకుంది. అలసట చెడగొట్టేది నచ్చడాన్ని కాదు, విసుగుని భరించే శక్తిని. దాని "బాగుంది" నిజమే, దాని "బోర్" మాత్రం అబద్ధం కావచ్చు. రెండో భాగం దాకా వెళ్ళకుండా వదిలేసిన సిరీస్‌లు, నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయిన నవలలు, ఒకటిన్నర వేగంలో విన్న మాటలు, వీటి మీద రాత్రి పదకొండింటికి ఇచ్చిన తీర్పులన్నీ తిరగదోడాల్సినవే. 'వేయిపడగలు' సాగదీతని తేల్చేసినవాళ్ళలో ఎంతమంది ఆ నవలను చదివి తేల్చారో, ఎంతమంది రోజంతా పనిచేసి వచ్చిన కళ్ళతో తేల్చారో విడదీసి చెప్పడం కష్టం. ఆ నవల మీద నాకూ అభ్యంతరాలున్నాయి, కానీ ఆ అభ్యంతరాలు వినిపించే హక్కు చదివినవాడికే ఉంటుంది.

అయితే ఓపిక పెంచుకోండని మనుషులకు చెప్తే సరిపోతుందా? సరిపోదని నా గట్టి అభిప్రాయం. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధినేత సుబ్రహ్మణ్యన్ మాటలు బయటికొచ్చాక ఆ అంకె 90కి చేరింది. దేశమంతా వాదించింది. ఆరోగ్యం గురించి, కుటుంబం గురించి, ఉత్పాదకత గురించి మాట్లాడారు, అవన్నీ అవసరమైన మాటలే. కానీ ఆ గంటలు మనిషి దగ్గర్నుంచి ఇంకోటి కూడా తీసుకుంటాయి. మొదటి పావుగంట ఏమీ జరగని చోట కూర్చోగల స్తిమితం అది. దాన్ని వ్యక్తి లోపమనడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. కర్ణాటక గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ కచేరీని వర్ణంతో మొదలుపెట్టి, చిన్న కృతుల మీదుగా ప్రధాన రాగం దాకా మెట్లు కట్టినప్పుడు ఆయన ముందున్నది పని దినం ముగించుకుని సభకు వచ్చిన నగర శ్రోత. ఆ శ్రోతకి సాయంత్రం అనేది ఒకటి మిగిలి ఉండేది. కచేరీ ఆరింటికో ఆరున్నరకో మొదలయ్యేది, అతను వెళ్ళగలిగేవాడు. శిల్పారామంలో శనాదివారాల సాయంత్రాలు కూచిపూడి, జానపద ప్రదర్శనలు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి, ప్రవేశ రుసుము తప్ప వేరే టికెట్ లేకుండా. రోడ్డుకి అవతలి భవనాల్లో అదే వేళకి వారాంతపు సపోర్టు డ్యూటీలు కూడా నడుస్తుంటాయి. అక్కడ కూర్చున్న మనిషి కూచిపూడి తనకి నచ్చదంటే ఆ మాటని అభిరుచిగా రాసుకోవడానికి నేను సిద్ధంగా లేను. ముందు అతనికి వరసగా కొన్ని సాయంత్రాలు ఇవ్వాలి, ఆ తర్వాత అతను ఏమన్నా ఒప్పుకుంటాను.