కన్నీటికి కులం ఉందా?

నవల చదువుతూ కళ్ళు తుడుచుకోవడం ఆడవాళ్ళకి అలవాటని మగవాళ్ళు వేళాకోళం చేస్తారు. చేస్తే చెయ్యనివ్వండి. ముక్కూ మొహం తెలియని ఓ పసివాడి కష్టానికి, అందులోనూ కాగితం మీద మాత్రమే బతికినవాడి కష్టానికి, కళ్ళు చెమర్చడం సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు. కాని ఆ కన్నీళ్ళు ఎవరికోసం వస్తున్నాయో, ఎవరికోసం రావడం లేదో ఎప్పుడైనా గమనించుకున్నారా? విక్టోరియా రాణి కాలంనాటి ఇంగ్లీషు నవలలు చదివినప్పుడల్లా నాకీ సందేహం వస్తూనే ఉంటుంది.

‘ఆలివర్ ట్విస్ట్’ సంగతే తీసుకోండి. చార్లెస్ డికెన్స్ 1837 నుంచి 1839 వరకూ ఓ పత్రికలో నెలనెలా రాసిన నవల అది. అంతకు మూడేళ్ళముందు, 1834లో, ఇంగ్లండులో కొత్త బీదల చట్టం వచ్చింది. పూట గడవనివాళ్ళు ఊరివాళ్ళ సాయం కోరితే వర్క్‌హౌస్‌లో చేరమనేవారు. అక్కడ భార్య ఒక చోట, భర్త ఒక చోట, పిల్లలొక చోట. చాకిరీ ఎక్కువ, తిండి తక్కువ. అలాంటి చోట పుట్టి, పుట్టగానే తల్లిని పోగొట్టుకున్నవాడు ఆలివర్. ఇంకాస్త గంజి పొయ్యమని అడిగిన పాపానికి వాణ్ణి చీకటి గదిలో పెట్టి తాళం వేస్తారు. అది చదివి అయ్యోపాపం అనుకోనివాళ్ళు ఎవరు?

అయితే ఇక్కడో విచిత్రం ఉంది. వాడి చుట్టూ ఉన్నవాళ్ళందరిదీ మోటు యాస. వాడి నోట మాత్రం దొరబిడ్డల భాష వస్తుంది! మన పల్లెల్లో గొడ్లు కాసుకుంటూ పెరిగిన కుర్రాడు ఉన్నట్టుండి చిన్నయసూరి వ్యాకరణం తప్పకుండా మాట్లాడితే ఎలా ఉంటుందో, అలాగన్నమాట. వాడికి ఆ భాష ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, రక్తంలోనే ఉందంటుంది కథ. చివరికి తేలేదేమిటంటే, వాడి తండ్రి ఆస్తిపరుడు, తల్లి ఓ నౌకాదళ అధికారి కూతురు. అంతవరకూ మనం ఏడ్చింది బీదవాడి కోసం కాదు, బీదవాళ్ళ మధ్య తప్పిపోయిన గొప్పింటి బిడ్డ కోసం.

అదే కథలో జాక్ డాకిన్స్ అనే ఇంకో కుర్రాడున్నాడు. జేబులు కొట్టడంలో ఆరితేరినవాడు. ఆలివర్ కాళ్ళు బొబ్బలెక్కి, ఆకలితో శోషవచ్చి దారిలో కూలబడితే, రొట్టె, మాంసం కొని కడుపునిండా తినిపించిందీ, లండనుకి తీసుకెళ్ళిందీ వాడే. తీసుకెళ్ళింది దొంగల ముఠాలోకే అనుకోండి; కాని వాడికి తెలిసిన ఇల్లు అదొక్కటే మరి! వాడు ఓ పొడుంకాయతో పట్టుబడితే ద్వీపాంతరం పంపేస్తారు. కోర్టులో వాడు న్యాయాధికారితో మాటకి మాట అనే ఘట్టం చదువుతూ మనం పకపకా నవ్వుతాం. వాడి తల్లి ఎవరో డికెన్స్ చెప్పడు, మనమూ అడగం. వాడికి వీలునామా లేదు, అకస్మాత్తుగా దొరికే పిన్నీ లేదు. అంచేత మన దగ్గర కన్నీళ్ళూ లేవు.

పోనీ ఇది డికెన్స్ ఒక్కడి లోపమా అంటే అదీ కాదు. 1847లో వచ్చిన షార్లెట్ బ్రాంటీ నవల ‘జేన్ ఐర్’లో పదేళ్ళ జేన్‌ని మేనమామ భార్య ఇంట్లో కాల్చుకుతింటూ ఉంటారు. వైద్యం చెయ్యడానికి వచ్చిన పెద్దమనిషి, “నీ తండ్రివైపు చుట్టాల దగ్గరికి వెళతావా?” అని అడుగుతాడు. వాళ్ళు బీదవాళ్ళేమోనని ఆ పిల్ల వద్దంటుంది. వాళ్ళు నిన్ను ప్రేమగా చూసినా వెళ్ళవా అంటే, అప్పుడూ తల అడ్డంగానే ఊపుతుంది. పెద్దయ్యాక ఆ సంగతి చెబుతూ జేన్ వాడిన మాటేమిటో తెలుసా? ‘క్యాస్ట్’. స్వేచ్ఛ కోసం కులం వదులుకునేపాటి ధైర్యం తనకి లేకపోయిందంటుంది. ఆ మాటకి మనలో ఎవరూ నిఘంటువు వెతుక్కోనక్కర్లేదు. దెబ్బలైనా తింటుందిగాని పెద్దింటి గడప దిగదు ఆ పసిపిల్ల! పదేళ్ళకే అంత పాఠం ఎవరు నేర్పారో మరి.

ఇక డికెన్స్ సొంత కథ. ఆయనకి పన్నెండేళ్ళప్పుడు, 1824లో, తండ్రిని అప్పులవాళ్ళు జైల్లో వేయించారు. పిల్లవాణ్ణి థేమ్స్ ఒడ్డున ఓ బూట్ పాలిష్ కర్మాగారంలో పెట్టారు. పొద్దస్తమానం సీసాలకి కాగితాలు కట్టి, చీట్లు అంటిస్తే వారానికి ఆరేడు షిల్లింగులు. ఆ అవమానాన్ని ఆయన జన్మంతా గుండెల్లో దాచుకున్నాడు. 1870లో పోయేవరకూ కన్నపిల్లలకి కూడా చెప్పలేదు. తరవాత స్నేహితుడు జాన్ ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్ర ద్వారా లోకానికి తెలిసింది.

ఆ కర్మాగారంలో తోటి కుర్రాళ్ళు ఆయన్ని ‘చిన్న దొరగారు’ అని పిలిచేవారట. వాళ్ళలో తల్లీ తండ్రీ లేని ఓ కుర్రాడు మొదటిరోజున దారం ముడివెయ్యడం నేర్పాడు. ఒకనాడు చార్లెస్‌కి డొక్కలో నొప్పి వస్తే, ఖాళీ సీసాల్లో వేణ్ణీళ్ళు పోసి, పూటంతా కాపడం పెట్టాడు. సాయంత్రం ఒక్కణ్ణీ పంపడానికి మనసొప్పక ఇంటిదాకా వస్తానన్నాడు. జైలు సంగతి బయటపడుతుందని చార్లెస్‌కి భయం. వంతెన దగ్గర ఎవరిదో ఇంటి మెట్లెక్కి, అదే తన ఇల్లని చెప్పి, ఆ కుర్రాణ్ణి సాగనంపాడు. పాపం, ఆ కుర్రాడి పేరు బాబ్ ఫేగిన్. పదమూడేళ్ళ తరవాత డికెన్స్ ఆ పేరు ఎవరికి పెట్టాడో మీకు తెలుసు. పిల్లలకి దొంగతనాలు నేర్పే ముఠానాయకుడికి!

ఎందుకలా చేశాడు? కృతఘ్నుడా? నాకలా అనిపించదు. కాపడం పెట్టిన ఆ చేతులంటే ప్రేమా ఉంది, ఆ చేతుల మధ్యే తనూ మిగిలిపోతానేమోనన్న భయమూ ఉంది. ఆ భయం ముందు కృతజ్ఞత ఓడిపోయింది కాబోలు. మంచివాడైన కుర్రాడు ఆ గుంటలోంచి పైకి రావాలంటే, వాడు మొదటినుంచీ అక్కడివాడు కాదని రుజువు చెయ్యాలి. ఆలివర్ పుట్టుక కథ అందుకోసమే పుట్టిందేమో!

ఆలివర్ గొప్పింటి బిడ్డ కాబట్టే ఆనాటి గొప్పవాళ్ళు ఆ పుస్తకం చదివి వర్క్‌హౌస్ వైపు కళ్ళు తిప్పారని మీరనొచ్చు. నిజమే, తన పిల్లవాడే అక్కడుంటే అనుకున్నప్పుడే మనిషి మనసు కదులుతుంది. కాని అలా కదిలే మనసుది దయా, బంధుప్రీతా? రైల్లో చెయ్యి చాచిన పిల్లని చూసి, “చూస్తే మంచి ఇంటి పిల్లలా ఉంది, పాపం!” అంటాం. మంచి ఇంటి పిల్ల కాకపోతే ఆ ‘పాపం’ ఏమౌతుంది? చెప్పండి.

డికెన్స్ మాత్రం అక్కడే ఆగిపోలేదు. 1852-53లో వచ్చిన ‘బ్లీక్ హౌస్’లో వీధులూడ్చే జో అనే కుర్రాడున్నాడు. వాడికి ఏ వీలునామా రాదు. దొరబిడ్డల భాషా రాదు. ప్రమాణం అంటే ఏమిటో తెలియదని విచారణలో వాడి సాక్ష్యం కూడా తీసుకోరు. ఎవరి బిడ్డో తేలకుండానే చచ్చిపోతాడు. అయినా డికెన్స్ మనచేత ఏడిపిస్తాడు. 1860-61లో రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లో ఇంకో అడుగు వేశాడు. పిప్ మోటు చేతుల్ని, బరువైన బూట్లని చూసి ఎగతాళి చేసిన నాజూకు పిల్ల ఎస్టెల్లా, నిజానికి ఓ ఖైదీకీ పనిమనిషికీ పుట్టిన బిడ్డ! రక్తంలో ఉందనుకున్న నాజూకంతా పెంపకంలో వచ్చిందే. పిప్ మాత్రం తనని పెంచిన కమ్మరి జో, లండనులో తన గదికి వస్తే సిగ్గుతో చచ్చిపోతాడు. ఆ సిగ్గు గురించి అంత నిక్కచ్చిగా రాస్తున్నప్పుడు ఆయనకి వంతెన దగ్గరి ఆ మెట్లు గుర్తు రాకుండా ఉంటాయా అనిపిస్తుంది నాకు.

ఈసారి ‘ఆలివర్ ట్విస్ట్’ చేతికొస్తే, జాక్ డాకిన్స్‌ని కోర్టులో నిలబెట్టిన చోట కాస్సేపు ఆగండి. నవ్వొస్తే నవ్వండి, తప్పులేదు. నవ్వాక, వీడూ ఏ తల్లో కన్నబిడ్డే కదా, ఆవిడ ఎవరై ఉంటుందా అని ఒక్క నిమిషం ఆలోచించండి. డికెన్స్ చెప్పకపోతే మానె, మనం అడగొచ్చు.