వీసా కాగితం మీద రాసే మాట

విదేశాలకు పోవటం మంచిదా, చెడ్డదా అనే చర్చ మనలో చాలా పాతది. ఒక పక్షం వారు దేశభక్తిని గురించి ఉపన్యసిస్తారు. రెండో పక్షం వారు వ్యక్తి స్వేచ్ఛను గురించి ఉపన్యసిస్తారు. ఇద్దరూ చెప్పవలసిందంతా చెప్పి ఇళ్ళకు పోయిన తరవాత కూడా, ప్రయాణం కట్టిన కుర్రవాడి ముందు ఒక కాగితం మిగిలే ఉంటుంది. ఆ కాగితం మీద అతను ఏమి రాయాలి? నేనిక్కడ ఎత్తదలచిన ప్రశ్న ఇదే.

నేను కృష్ణా డెల్టాలో ఒక ఇంజనీరింగు కాలేజీలో పాతికేళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. పాత విద్యార్థులు ఇప్పుడు నన్ను పాఠాలను గురించి అడగరు. "సార్, ఆస్ట్రేలియాకు స్టూడెంటు వీసా మీద పోనా, స్కిల్డు వీసా వచ్చేదాకా ఆగనా?" అని అడుగుతారు. ఇది లెక్కల ప్రశ్న అని వాళ్ళ అభిప్రాయం. ఫీజు ఎంత, వడ్డీ ఎంత, ఎన్నేళ్ళు పడుతుంది అన్నవి తేలిస్తే సమాధానం దానంతట అదే వస్తుందని అనుకుంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఇది నీతికి సంబంధించిన ప్రశ్న అని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

ముందు ఆ రెండు దారులూ ఏమిటో చూద్దాం. విద్యార్థి వీసా కావాలంటే అక్కడి విశ్వవిద్యాలయంలో సీటు సంపాదించాలి. ఫీజు కాక, ఏడాది బతకటానికి 29,710 డాలర్లు చూపాలని 2024 మే నెలలో నిర్ణయించారు. దరఖాస్తు రుసుము 2024 జూలైలో 710 డాలర్ల నుంచి 1,600కు, 2025 జూలైలో 2,000కు పెరిగింది. చదువుకునే రోజుల్లో పదిహేను రోజులకు 48 గంటలు మించి పనిచెయ్యకూడదు. చదువు అయిన తరవాత కొంతకాలం ఉండి ఉద్యోగం చేసుకోనిస్తారు. స్థిరనివాసం కోసం పోటీ ఆ తరవాత మొదలవుతుంది.

నైపుణ్య వీసాకు సీటు అక్కరలేదు. 45 ఏళ్ళు నిండి ఉండకూడదు. ఇతను నిజంగా ఇంజనీరేనని ఇంజనీర్స్ ఆస్ట్రేలియా సంస్థ ధ్రువపరచాలి. ఇంగ్లీషు పరీక్షలో నెగ్గాలి. వయస్సుకు, చదువుకు, అనుభవానికి పాయింట్లు వేస్తారు. కనీసం 65 రావాలి. అంతమాత్రాన పిలుపు వస్తుందన్న హామీ లేదు. మొదటి దారిలో ముందు డబ్బు కట్టి తరవాత ఎదురుచూస్తారు. రెండో దారిలో ఇంటిదగ్గర ఉండి, పని చేసుకుంటూ ఎదురుచూస్తారు. తేడా ఇంతేనని పైకి కనిపిస్తుంది.

ఆ దేశపు గుమ్మం దగ్గర జరిగిన పాత సంగతి ఒకటి మన పాఠకులకు తెలియాలి. 1901లో అక్కడ చేసిన చట్టం ప్రకారం, వద్దనుకున్నవాడికి అధికారి ఏదో ఒక యూరపు భాషలో 50 మాటలు చెప్పి రాయమనేవాడు. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. తెల్లవాళ్ళు కానివారిని ఆపటానికి పెట్టిన పరీక్ష అది. 1934లో యుద్ధానికీ ఫాసిజానికీ వ్యతిరేకంగా మాట్లాడటానికి ఎగాన్ కిష్ అనే కమ్యూనిస్టు రచయిత వెళ్ళాడు. ఆయనకు చాలా భాషలు వచ్చు కనక, స్కాట్లండులో కొద్దిమంది మాత్రమే మాట్లాడే గేలిక్ భాషలో పరీక్ష పెట్టారు. ఆ చట్టం చెప్పే యూరపు భాషల్లో గేలిక్ లేదని అక్కడి హైకోర్టే తీర్పు చెప్పింది. ఆ పరీక్ష 1958 నాటి కొత్త చట్టంతో పోయింది. వర్ణాన్ని బట్టి ఎంచటం 1973 నాటికి పోయింది. ఇప్పటి పాయింట్ల పట్టికలో జాతి మాట లేదు. ఇది నిస్సందేహంగా అభివృద్ధి.

అయినా ఆ పట్టికను శ్రద్ధగా చదవవలసిన అవసరం మనకున్నది. ఇక్కడ మూడేళ్ళు ఇంజనీరుగా పనిచేస్తే 5 పాయింట్లు. అక్కడ ఒక్క ఏడాది పనిచేసినా 5 పాయింట్లే. పెళ్ళికానివాడికి 10 పాయింట్లు. పెళ్ళి అయి, భార్యకు ఇంగ్లీషూ వాళ్ళు గుర్తించే వృత్తీ లేకపోతే సున్నా. ఆశ్చర్యమేమంటే తెలుగుకు కూడా పాయింట్లున్నాయి. తెలుగు నుంచి ఇంగ్లీషుకూ, ఇంగ్లీషు నుంచి తెలుగుకూ మాటలు మార్చి చెప్పే పరీక్షలో నెగ్గితే 5 వేస్తారు. అంటే ఇల్లాలికి ఇంగ్లీషు రాకపోవటం వల్ల కలిగే నష్టంలో సగం మాతృభాష వల్ల పూడుతుంది. దీన్ని చూసి కోపం తెచ్చుకొని ప్రయోజనం లేదు. శ్రమశక్తి సరుకు అని మనం క్లాసులో చెప్పే మాటను ఆ పట్టిక మొహమాటం లేకుండా అచ్చువేసింది. విద్యార్థి దారిలో అంత స్పష్టత లేదు. అక్కడ సరుకును కొంటున్నవాడు కూడా తాను చదువు అమ్ముతున్నానని చెబుతాడు.

ఇక నా సంగతి. 2019లో మా మేనల్లుడు మెల్బోర్న్‌లో రెండేళ్ళ చదువుకు ప్రయాణం కట్టాడు. ఆ రోజుల్లో విద్యార్థి వీసా అడిగేవాడు తాను తాత్కాలికంగానే వస్తున్నానని అధికారిని నమ్మించాలి. ఆ నియమానికి ఒకనాడు అర్థం ఉండేది. 1951లో మొదలైన కొలంబో పథకం కింద ఆసియా దేశాల విద్యార్థులు వెళ్ళి, నేర్చుకొని, తిరిగివచ్చి తమ దేశాలలో పనిచెయ్యాలనేదే ఉద్దేశం. 2019 నాటికి ఆ ఉద్దేశం ఎవరికీ లేదు. బయటి విద్యార్థుల ఫీజుల మీద బతుకుతున్న విశ్వవిద్యాలయాలకు లేదు. మా ఊరి కన్సల్టెన్సీ వాళ్ళకు లేదు. మా వాడికి లేదు. వాడి పేరుతో ఆ కాగితం రాసిపెట్టిన నాకూ లేదు.

"నేను మా తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కొడుకును. మా నాన్నగారి వ్యవసాయం చూసుకోవటానికి తిరిగిరాక తప్పదు" అని రాశాను. ఇంగ్లీషు బాగానే కుదిరింది. బావగారు అప్పటికి రెండెకరాలు తాకట్టు పెట్టి ఉన్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కాగితం తెలుగులో చెప్పమన్నారు. చెప్పాను. ఆయన కాసేపు ఊరుకొని, "అయితే వస్తాడన్నమాట" అన్నారు. నేను మాట్లాడలేదు.

2020 మార్చి 20న ఆస్ట్రేలియా సరిహద్దులు మూసింది. తమ ఖర్చు తాము పెట్టుకోలేని విద్యార్థులు ఇళ్ళకు పోవాలని ఏప్రిల్‌లో ఆ దేశ ప్రధాని చెప్పాడు. పనులు పోకుండా జీతాలకు ప్రభుత్వం ఇచ్చిన సాయం విద్యార్థులకు వర్తించలేదు. సెప్టెంబరులో బావగారు పోయారు. మా వాడు రావాలంటే రావచ్చు. వస్తే మళ్ళీ లోపలికి రానివ్వరు. స్థిరనివాసికి తిరిగివెళ్ళే హక్కున్నది, తాత్కాలికుడికి లేదు. విద్యార్థులకు ఆ తలుపు 2021 డిసెంబరులో గాని తెరుచుకోలేదు. వాడు వస్తే చదువు సగంలో ఆగుతుంది, పొలం పోతుంది. వాడు రాలేదు. బావగారి తమ్ముడి కొడుకు కొరివి పెట్టాడు. వాడు ఫోనులో చూశాడు. తాత్కాలికుడనని మేము అబద్ధం రాశాము. ఆ దేశం ఆ మాటను నిజం చేసి మా మీద అమలు జరిపింది.

మా వాణ్ణి నేను తప్పు పట్టను. కాని నేను చేసినదానిని గురించి ఆలోచించటం మానలేకపోయాను. అన్యాయమైన ప్రశ్నకు అబద్ధపు సమాధానం చెప్పటం తప్పా? కాదనే నా నమ్మకం. కిష్‌కు గేలిక్ పరీక్ష పెట్టినవాడితో నిజం చెప్పి తీరాలని నేననను. హక్కు హరించటానికి ప్రశ్న వేసేవాడికి నిజం బాకీ పడి ఉండము. ఈ వాదంతో నన్ను నేను చాలాకాలం సమర్థించుకున్నాను. అయితే ఈ వాదంలో ఒక లోపమున్నది. అబద్ధం అడిగినవాడికి తగిలినప్పుడే అది వర్తిస్తుంది. మా కాగితాన్ని వీసా అధికారి నమ్మాడని నేననుకోను. అలాంటి కాగితాలు అతను రోజూ చూస్తాడు. దాన్ని నమ్మిన మనిషి ఒక్కడే. ఆ చదువుకు డబ్బు పెట్టింది కూడా ఆయనే.

రెండో దారి నిజాయితీగా ఉంటుందని ఎవరైనా అనుకుంటే అదీ పొరపాటే. కిందటి ఏడాది మా పాత విద్యార్థిని ఒకామె నా దగ్గరికి వచ్చింది. ఆమె తండ్రి ఆర్టీసీ కండక్టరు. సివిల్ చదివి, నాలుగేళ్ళుగా ఫ్లైఓవర్ పనిమీద సైటు ఇంజనీరుగా ఉన్నది. వయస్సు 27, దానికి 30 పాయింట్లు. డిగ్రీకి 15, అనుభవానికి 5, ఇంగ్లీషుకు 20, పెళ్ళి కానందుకు 10, తెలుగుకు 5. మొత్తం 85. ఇంజనీర్స్ ఆస్ట్రేలియాకు ఆమె పంపవలసిన నివేదికలో తాను చేసిన పనులు మూడింటిని వివరించాలి. "మేము" అని రాయకూడదు, "నేను" అని రాయాలి.

"ఇరవై మందిమి కలిసి చేసిన పని సార్. నేనొక్కదాన్నే చేసినట్టు రాయమంటున్నారు" అన్నది. కన్సల్టెన్సీలో తయారు నివేదికలు అమ్ముతారట, అందులో ఆమె ఏకంగా ఫ్లైఓవరే డిజైన్ చేసి ఉంటుందట! విద్యార్థి కాగితం రాబోయే కాలాన్ని గురించి అబద్ధమాడించింది. ఈ కాగితం గడిచిన కాలాన్ని గురించి అబద్ధమాడమని ఊరిస్తుంది. పైగా ఈ అబద్ధం తోటి పనివాళ్ళ శ్రమను కాజేసే అబద్ధం.

"అందరి పనీ నీదని చెప్పమనలేదమ్మా, నీ వంతు ఏమిటో చెప్పమన్నారు" అన్నాను. ఇద్దరం వారం రోజులు కూర్చున్నాం. పునాది దగ్గర మట్టి పరీక్షలు ఆమె చేయించింది. డ్రాయింగులో ఒక స్తంభానికి ఇనుము తక్కువ పడటం ఆమె పట్టుకున్నది. చెప్పినప్పుడు మేస్త్రి నమ్మాడు, పై ఇంజనీరు మొదట నమ్మలేదు. అవన్నీ రాసింది. నిజం చాలింది. ఇదే రెండు దారులకూ తేడా అని నాకు తోచింది. రెండూ అబద్ధానికి పురికొల్పుతాయి. కాని ఒకదానిలో నిజం చెప్పి నెగ్గటానికి చోటున్నది. 2019 నాటి రెండోదానిలో ఆ చోటు లేదు.

ఆ అమ్మాయే నన్ను ఒక మాట అడిగింది: "నాకు నాలుగేళ్ళ ఉద్యోగం ఉంది కనక సరిపోయింది. ఈ ఏడాది పాసైనవాడు ఏం చెయ్యాలి సార్?" న్యాయమైన ప్రశ్నే. అతనికి అనుభవం కింద ఒక్క పాయింటూ రాదు. అతనికి విద్యార్థి దారి ఒక్కటే కనిపిస్తుంది. ఆ దారిన పోవద్దని నేననను. 2024 మార్చి 23 నుంచి నియమం మారింది. ఇప్పుడు నిజమైన విద్యార్థివేనా అని అడుగుతారు. తరవాత స్థిరపడాలనే కోరిక ఉండటమే నేరం కాదు. కనక మేము రాసిన అబద్ధం ఇప్పుడు రాయనక్కరలేదు. చదువు మీద నిజమైన ఆశ ఉన్నవాడు తల ఎత్తుకొని విద్యార్థిగా పోవచ్చు. చదువు కేవలం ఒక సాకు అయినవాడు మాత్రం ఆలోచించాలి. ఇక్కడ మూడేళ్ళు పనిచేసి ఆగితే, ఆ ఆగటానికి మూల్యం అతనే చెల్లిస్తాడు. అప్పు చేసి పోతే, అతను గెలిస్తేనే ఆ అప్పు అతనిది. ఓడితే అతని తండ్రిది, చెల్లెలిది.

మరి మన ప్రజల బాకీ మాటేమిటని అడగవచ్చు. ఆ అమ్మాయి ఫీజు రీయింబర్సుమెంటు మీద చదువుకున్నది. 2008లో మొదలైన ఆ పథకానికి డబ్బు పన్నులు కట్టే ప్రజలందరిదీ. నిజమే. అయితే చదివిన ఇంజనీర్లకు పని చూపలేని ప్రభుత్వం, పెన్షను తీసుకుంటున్న నాబోటివాడు కలిసి ఆమెకు దేశభక్తి బోధించటం దొంగనీతి. బాకీ ఉన్నది, కాని దాన్ని తీర్చే చోటు ఒక్కటే కాదు. 1856 ఏప్రిల్ 21న మెల్బోర్న్ విశ్వవిద్యాలయం కడుతున్న తాపీ పనివాళ్ళు పనిముట్లు దించి ఊరేగింపుగా పోయారు. ఎనిమిది గంటల పనిదినం గెలుచుకున్నారు. సముద్రం దాటి పొట్టపోసుకోవటానికి వచ్చినవాళ్ళే ఆ ఉద్యమం నడిపారు. మనవాళ్ళు పోతున్నది ఆ గడ్డకే. అక్కడ చట్టం చెప్పిన కూలికి తక్కువగా చేతికిచ్చే డబ్బుకు ఒప్పుకోకపోవటం, యూనియనులో చేరటం, తరవాత వచ్చేవాడికి నిజం చెప్పటం కూడా బాకీ తీర్చటమే.

ఆ అమ్మాయికి ఇంకా పిలుపు రాలేదు. ఫ్లైఓవర్ పని సాగుతున్నది. మా వాడు 2023లో తాకట్టు విడిపించాడు. ఆ దస్తావేజు మా అక్కయ్య పెట్టెలో ఉన్నది.

ఇప్పుడు ఎవరైనా ఏ వీసా మంచిదని అడిగితే నేను పాయింట్ల లెక్క కూడా చెబుతాను, ఫీజుల లెక్క కూడా చెబుతాను. చివరికి ఒక మాట కలుపుతాను. సంతకం చేసే ముందు ఆ కాగితాన్ని, డబ్బు పెట్టేవారికి ఎదురుగా కూర్చుని, తెలుగులో చదివి వినిపించు. విన్నవారు ఏ వాక్యం నమ్ముతున్నారో చూడు. వారు నమ్మిన వాక్యం నువ్వు నిలుపుకోలేనిదైతే, ఆ మాట అక్కడే చెప్పు. నేను ఆనాడు మా బావగారికి చెప్పవలసి ఉన్నది అదే.