కర్తృత్వము - త్యాగము

భిలాయి నెహ్రూ నగరున కూర్చుండి, ముఖమెఱుగని లోకమునకై రాత్రులు మేలుకొని ప్రోగ్రాము వ్రాసి ఉచితముగా నొసగు తెలుగు యువకుని కర్మము నిష్కామమగునా? 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంకల్పమును ప్రకటించిన పిమ్మట ఈ దానమునకు ధర్మశాస్త్రములవంటి లైసెన్సులేర్పడినవి. మిక్కిలి ఉదారమైన ఎమ్.ఐ.టి. లైసెన్సు సైతము, మార్చుటకును పంచుటకును అమ్ముకొనుటకును అనుమతించియు, కర్త పేరుగల ప్రకటనను మాత్రము చెఱపనీయదు. అంతర్జాలమున చేతులు మారు హాస్యచిత్రములగు మీముల త్రోవ వేఱు: వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్య మణిమంజరిగా కూర్చిన చాటువులలో పెక్కింటివలె అవి కర్తను మఱచి జనులలో సంచరించును. అందుచే అజ్ఞాతదానమే ఉత్తమమని కొందఱందురు, నాకట్లు తోపదు. పేరు కీర్తికొఱకే గాక, లోపము కనబడినపుడు ఎవరి నడుగవలెనో తెలియుటకును నిలుచును; మీము అసత్యమైనచో అడుగుటకెవరును లేరు. గీత విడువుమన్నది ఫలాపేక్షను, బాధ్యతను గాదు. తమ్ములారా, వ్రాసినదాని క్రింద పేరు నిలుపుడు, పొగడ్తకై ఎదురుచూడకుడు.