కోడిపోరు, కుస్తీ ఆట, ధర్మం

పోరును ఆటగా మారిస్తే అందులోని ధర్మం మిగులుతుందా? 2006 నాటి హాస్యచిత్రం ‘నాచో లిబ్రే’లో మఠంలో వంటచేసే సన్యాసి అనాథ పిల్లలకు మంచి తిండి పెట్టాలని ముసుగేసుకుని కుస్తీకి దిగుతాడు. దీనికి ప్రేరణ మెక్సికోలో నిజంగానే అనాథల కోసం కుస్తీపట్టిన ‘ఫ్రే తోర్మెంతా’ అనే ఫాదరు. అదే ఏడు ఈ చిత్రం నింటెండో డీఎస్‌ వీడియో ఆటగానూ వచ్చింది. ఆ కుస్తీ ఆటలో మీటలు నొక్కే వేళ్లకు తెలిసేది పట్టు, పడగొట్టడం; ఎవరి ఆకలి కోసమన్నది వేళ్లకు పట్టదు. మన పల్నాటి కారెంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే పల్నాటి వీరుల ఆరాధనలోనూ కోడిపోరు ఉంది, ఆయుధపూజా ఉంది. కానీ మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి పెట్టించిన చాపకూడునూ అక్కడే తలుచుకుంటారు. పోరు ఎందుకో ఆ పంక్తి చెబుతుంది. ఆటలో ధర్మం వెతకడం చాదస్తమంటారా? పల్నాటి కథలో మాచర్ల పక్షాన్ని ఏడేళ్లు వలస పంపింది కోడిపందెమే, అదీ ఆటే మరి!