అవ్వ రానంటే

ముసలి మనిషి ఒక్కతే ఉంటున్న ఇల్లు. గోడ ఉబ్బింది, చూరు కుంగింది. ఆ ఇంట్లోనే జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఇరుగుపొరుగు పోయి ‘ఆస్పత్రికి పోదాం, ఆ తర్వాత మా ఇంట్లో ఉందువు’ అంటే ‘నేను రాను’ అంటుంది. అప్పుడు ఏం చేయాలి? బలవంతంగా ఎత్తుకుపోవడం న్యాయమా, ఆమె మాటకు విలువిచ్చి వెనక్కి రావడం న్యాయమా? గోదావరి ఒడ్డు కోయ గూడేల్లో ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా వస్తోంది. పిల్లలు చదువుకని, కూలికని, ఉద్యోగమని బయటికి పోయారు. ముసలివాళ్లూ పాత ఇళ్లూ ఇక్కడ మిగిలారు.

దీనికి మా మధ్య రెండు జవాబులు ఉన్నాయి. పెద్దవాళ్లలో ఎక్కువమంది ‘ఆమెకేం తెలుసు, మంచంతో సహా ఎత్తండి’ అంటారు. చదువుకున్న కుర్రవాళ్లు ‘ఆమె ఒళ్లు, ఆమె ఇల్లు, ఆమె ఇష్టం. బలవంతం చేసే హక్కు మనకెక్కడిది?’ అంటారు. రెండో మాట వినడానికి గొప్పగా ఉంటుంది. కాని ఆ మాట అన్నవాళ్లు ఆ తర్వాత ఎక్కడికి పోతారో కూడా చూడాలి. వాళ్ల ఇంటికే పోతారు. మొదటి మాట అన్నవాళ్లూ అంతే, అంబులెన్స్ ఎక్కించి చేతులు దులుపుకుంటారు. ఎత్తుకెళ్లినా వదిలేసినా ఆ ఇంటి చూరు మాత్రం అలాగే కుంగి ఉంటుంది.

మా గుంపులో జరిగిన సంగతి ఒకటి చెబుతాం. అవ్వకు డెబ్బై దాటాయి. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, పెళ్లయ్యాక అత్తగారి ఊళ్లో స్థిరపడ్డాడు. తొలకరి వానకు కప్పు కారి లోపలి మట్టి నేల మెత్తబడింది. రాత్రి పొయ్యి దగ్గర నుంచి లేచి గడప దాటబోతూ పడింది. తెల్లారి నీళ్లకు పోతున్న ఆడవాళ్లు మూలుగు విని లోపలికి పోయారు. కుడికాలు పొట్టిగా అయింది, పాదం బయటివైపు తిరిగిపోయింది. తుంటి దగ్గర తొడ ఎముక విరిగిందనడానికి అది పెద్ద గుర్తు. 108కి ఫోన్ చేశారు. బండి రోడ్డు దాకానే వస్తుంది, అక్కడిదాకా మంచం మీద మోసుకుపోవాలి. అవ్వ గోడ పట్టుకుని ‘రాను’ అంది.

అందరూ ఒకేసారి నచ్చచెబుతుంటే వరసకు కోడలయ్యే ఒకామె పక్కన కూర్చుని ‘ఎందుకు రావత్తా?’ అని అడిగింది. అవ్వ చెప్పినవాటిలో ఆస్పత్రి మాట ఒక్కటీ లేదు. కోళ్లు ఉన్నాయి, మేక ఉంది. గుమ్మిలో విత్తన వడ్లు ఉన్నాయి, తడిస్తే పోతాయి. లోపలి మూల పెద్దలకు పెట్టే చోటు ఉంది, అక్కడ దీపం ఎవరు చూస్తారు? ‘మనిషి లేని ఇంటిని వాన ఉంచదు. ఈ గోడ పడితే జాగా ఎవరిదో అయిపోతుంది. మళ్లీ ఎక్కడికి వస్తాను?’ కొడుకు పిలిచినా పోకపోవడానికీ ఇదే కారణమట. ఆమె ‘రాను’ అంటున్నది వైద్యానికి కాదు. పోతే తిరిగి రాలేనన్నది ఆమె భయం.

అప్పుడు ముందు ఇంటి పని మొదలైంది. ఒకరు కోళ్ల గంప తీసుకున్నారు, ఒకరు మేకను తోలుకుపోయారు. వడ్లు ఎత్తి రేకుల ఇంట్లో పెట్టారు. ఇద్దరు కుర్రవాళ్లు కప్పు మీదికెక్కి, ఆమె చూస్తుండగానే టార్పాలిన్ పరిచి తాళ్లతో కట్టారు. పెద్దల మూల తాను చూస్తానని కోడలు మాట ఇచ్చింది. తాడు చివరి ముడి పడ్డాక అవ్వే ‘ఇక ఎత్తండి’ అంది. రెండు కాళ్ల మధ్య మడత దుప్పటి పెట్టి, రెండూ కలిపి గుడ్డతో కట్టి, నులక మంచం మీద మోసుకుపోయారు. ఇదంతా రెండు గంటలు పట్టింది. ఎముక విరిగిన మనిషి ముందు టార్పాలిన్ ఏమిటని కోప్పడినవాళ్లు ఉన్నారు. వాదించుకుంటూ కూర్చున్నా ఆ రెండు గంటలు పోయేవే. నెత్తురు కారుతున్న గాయం అయితే మేమూ ఆగేవాళ్లం కాదు.

ఇక్కడ వైద్యం గురించి ఒక మాట చెప్పాలి. ముంజేయి విరిగితే వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టడం, నల్లేరు నూరి పట్టు వేయడం మా పెద్దల చేతికి తెలుసు. ఆ చేతులను తక్కువ చేయం. కాని తుంటి ఎముక సంగతి వేరు. అక్కడ ఏ కట్టూ ఎముకను కదలకుండా పట్టి ఉంచలేదు. ఆపరేషన్ లేకుండా వారాల తరబడి పడుకున్న ముసలి మనిషికి వీపు కింద పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది, కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుంది. చాలామంది చనిపోయేది విరిగిన ఎముక వల్ల కాదు, ఆ పడక వల్ల. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయితే ఎంతో మేలు, చాలామందిని మర్నాడే లేపి నిలబెడతారు. ఈ సంగతులు ఆమెకు తెలిసేలా చెప్పామా లేదా అన్నది మొదటి ప్రశ్న. తెలియక అన్న ‘వద్దు’కూ తెలిసి అన్న ‘వద్దు’కూ ఒకే బరువు ఉండదు.

అంతా తెలిసీ వద్దంటే? అప్పుడు ఆ మాట ఆమెదే, తీసేసే హక్కు మాకు లేదనుకుంటాం. అయితే ఆ మాటతో మా పని తగ్గదు, పెరుగుతుంది. నొప్పి మాత్ర తేవాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తినిపించాలి, కడగాలి, రాత్రి పక్కన పడుకోవాలి. ఇవేమీ చేయని వాళ్లు ‘ఆమె ఇష్టాన్ని గౌరవించాం’ అంటే మేము ఒప్పుకోం. సోమరితనానికి అది మర్యాదగల పేరు.

అసలు ఆ ఇల్లు అలా ఎందుకయింది? తాటాకు కప్పు రెండు మూడేళ్లకోసారి మార్చాలి. వేసవిలో ఆకు కొట్టి, ఆరబెట్టి, తొలకరికి ముందే కప్పాలి. ఇది ఏనాడూ ఒక్క ఇంటి పని కాదు. ఈ రోజు ఒకరి ఇల్లు, రేపు ఇంకొకరిది. ఒకరి పనికి ఒకరు బదులు పోయేవాళ్లు. ఇంటివాళ్లు అన్నం పెట్టి, కల్లు పోసేవాళ్లు. దాన్ని ఎవరూ సాయం అనలేదు. తర్వాత ఇంటికో తీరుగా రేకులు వచ్చాయి, స్లాబులు వచ్చాయి. రావడం తప్పు కాదు. తాటాకు ఇంటి కష్టం, నిప్పు భయం అందులో ఉన్నవాళ్లకే తెలుసు. కాని రేకుల ఇంటివాడికి కప్పు పనికి మనుషులు అక్కర్లేదు, కనక అతను ఇంకొకరి కప్పుకు బాకీ పడలేదు. అలా ఒక్కొక్క ఇల్లూ బదులు పని నుంచి తప్పుకుంటూ వచ్చింది. గుంపులో చివరికి మిగిలిన తాటాకు ఇల్లు అవ్వది. ఆమెకు బాకీ ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. ‘మేము అవ్వకు సాయం చేశాం’ అంటున్నామే, ఆ ‘మేము’లో అవ్వ లేదు. పాత కప్పు పనిలో ఉన్నది ‘మనం’.

ప్రభుత్వ ఇల్లు రాదా అని అడగవచ్చు. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తారు. విడతలుగా ఇస్తారు, పునాది లేచాకే మొదటి లక్ష. నెలకు 2016 రూపాయల పింఛను మీద బతికే మనిషి ఆ పునాది దేనితో వేయాలి? పాత ఇల్లు పడగొట్టి అదే జాగాలో కట్టాలంటే, కట్టినన్నాళ్లు ఎక్కడ తలదాచుకోవాలి? పథకం చెడ్డదని కాదు, పక్కన నిలబడే మనుషులు లేకపోతే అవ్వలాంటి వాళ్లకు అది అందదు.

‘నీ మంచికే చెబుతున్నాం, ఆ ఇంట్లోంచి బయటికి రా’ అనే మాట మా జాతికి కొత్త కాదు. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడ మా చుట్టాలున్నారు. పక్కా ఇల్లు ఉంటుంది, రోడ్డు ఉంటుంది, బడీ ఆస్పత్రీ దగ్గర అవుతాయి అని ముంపు ఊళ్లవాళ్లకు చెప్పారు. చెప్పినవాటిలో కొన్ని నిజమే కావచ్చు. కాని ఇప్పచెట్టు కిందికి, పెద్దల రాళ్ల దగ్గరికి తిరిగి పోయే దారి లేదు, అక్కడికి నీళ్లు వస్తాయి. ఆ మాటకు మేము ఎదురు చెప్పాం, చెబుతూనే ఉన్నాం. బయటివాళ్లు మాతో అనకూడదని మేము అంటున్న మాటను, మా గుంపులో అందరికన్నా బలహీనమైన మనిషితో మేమే అనవచ్చా?

అయితే బలవంతం ఎప్పుడూ తప్పేనా? 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. అలాంటి రాత్రి ముసలివాళ్లను అడిగి ఎత్తరు. వాళ్లు తిడుతుంటారు, మోసేవాళ్లు మోస్తూనే ఉంటారు. అది అన్యాయమని మేము అనలేం. నీళ్లు ఆ రాత్రే వస్తాయి, మాట్లాడే వ్యవధి లేదు. పైగా వరద తీశాక అందరం తిరిగొచ్చి బురద ఎత్తిపోసుకుంటామని మోసేవాడికీ తెలుసు, తిట్టే ముసలాయనకూ తెలుసు. ఉబ్బిన గోడ అలాంటిది కాదు. అది ఏళ్ల తరబడి ఉబ్బింది, ఆ ఏళ్లలో మాట్లాడే వ్యవధి ఉంది, బాగుచేసే వ్యవధీ ఉంది. ఇక పగలూ రాత్రీ తెలియనంత మతి తప్పిన మనిషి అయితే, మతి ఉన్నప్పుడు ఆమె ఏం కోరేదో తెలిసిన దగ్గరివాళ్లు నిర్ణయించాలి.

అవ్వ పదిరోజులకు వాకర్‌తో తిరిగొచ్చింది. ఈలోగా ఉబ్బిన తూర్పు గోడను పడగొట్టారు. దాని చోట మళ్లీ మట్టిగోడ లేపలేదు. వెదురు తడిక కట్టి మట్టి మెత్తారు. తడిక పడినా మనిషి చావదు. నేల మీద మొరం పోసి దిమ్మిస కొట్టారు. గడప తీసేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు, ఇంటి గడప తీయకూడదంది. దానికి రెండు వైపులా చెక్కలు వాలుగా వేశారు. మంచం నుంచి వాకిలి దాకా నడుమెత్తున వెదురు కట్టారు, పట్టుకుని నడవడానికి. ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కోసి కింద బకెట్ పెట్టారు. పొయ్యి దగ్గర ఒక బల్బు. తల్లిదండ్రులను చూడని పిల్లల మీద ఆర్డీఓ దగ్గర ఫిర్యాదు చేయవచ్చని 2007 నాటి చట్టం ఉంది. అవ్వకు ఆ మాటే గిట్టలేదు. కొడుక్కి కబురు మాత్రం పంపారు. కప్పు రోజున అతను ఇద్దరు బావమరుదులతో వచ్చి ఆకు అందించాడు.

కష్టమల్లా ఆ తర్వాతే. ‘మేము’ అని రాస్తున్నాం గాని, కడిగేది, తిప్పేది, రాత్రి పడుకునేది ఆడవాళ్లే. ఆరిళ్లవాళ్లు వంతులు వేసుకున్నారు. మిరప కోతలు మొదలయ్యాక వంతు ఉన్న రోజు కూలి పోతోంది. ఆ కూలి మిగతా ఇళ్లు పంచుకుని ఇవ్వాలని కొందరు, డబ్బు పడితే ఇది కూలి పని అయిపోతుందని కొందరు. చాలా మాటలయ్యాయి. చివరికి వంతు ఉన్నామె ఇంటి నీళ్లు, కట్టెలు, వంట ఆ రోజు ఆ ఇంటి మగవాళ్లు చూడాలని తేల్చారు. అందరూ చేయడం లేదు, ఇద్దరు ముగ్గురు చేస్తున్నారు.

వేసవికి ఆకు మళ్లీ చూడాలి. ఉత్తరం వాలు ఒకచోట అప్పుడే పలచబడింది. పోయినసారి రాని రెండిళ్లవాళ్లు ఈసారి తాళ్లు తెస్తామన్నారు. వాళ్లవి స్లాబు ఇళ్లే.